వార్డు నిర్ణయాల్లో నర్సుకు ఓటు

సంపాదకులకు నమస్కారం.

ఆసుపత్రుల గురించి పత్రికల్లో చర్చ వచ్చినప్పుడల్లా పడకల సంఖ్య, కొత్త యంత్రాలు, డాక్టర్ల ఖాళీలు ముందుకొస్తాయి. రాత్రీ పగలూ రోగి పక్కనే ఉండే నర్సుకు ఆ వార్డులో పని ఎలా జరగాలో నిర్ణయించే అధికారం ఎంత ఉందన్న ప్రశ్న మాత్రం అరుదుగా వినిపిస్తుంది. మంచం పట్టిన రోగిని ఎన్ని గంటలకోసారి పక్కకు తిప్పాలి, డ్యూటీ మారేటప్పుడు ఏయే వివరాలు అప్పజెప్పాలి, మందుల ట్రాలీ ఎక్కడ నిలపాలి, కొత్తగా చేరిన నర్సును ఎన్ని వారాల తర్వాత ఒంటరిగా డ్యూటీకి వేయాలి, ఇవన్నీ నర్సింగ్ నిర్ణయాలే. చాలాచోట్ల ఇవి వార్డుకు దూరంగా ఉన్న గదిలో తయారై సర్క్యులర్‌గా దిగుతాయి. అందరూ సంతకం పెడతారు. పని మాత్రం పాత పద్ధతిలోనే సాగుతుంది. రాసినవారికి ఆ వార్డు మూలమూలలూ తెలియవు, తెలిసినవారిని ఎవరూ అడగలేదు.

ఈ దూరాన్ని తగ్గించడానికి పుట్టిన పద్ధతి షేర్డ్ గవర్నెన్స్, అంటే ఉమ్మడి నిర్వహణ. ప్రతి వార్డులో నర్సులే ఎన్నుకున్న ఒక చిన్న కౌన్సిల్ ఉంటుంది. నర్సింగ్ పని ప్రమాణాలు, నాణ్యత, శిక్షణ వంటి విషయాల్లో అది చర్చించి నిర్ణయిస్తుంది. ఆ నిర్ణయ ఫలితానికి జవాబుదారీ కూడా అదే వహిస్తుంది. వార్డు కౌన్సిళ్ల పైన ఆసుపత్రి స్థాయిలో పని పద్ధతులకు ఒకటి, నాణ్యతకు ఒకటి, విద్యకు ఒకటి, వీటన్నిటినీ కలిపే సమన్వయ కౌన్సిల్ ఒకటి ఉంటాయి. భాగస్వామ్యం, సమానత, జవాబుదారీతనం, ఇది మా పనే అన్న సొంతదనం, ఈ నాలుగూ దీనికి పునాదులని చెబుతారు. మా దృష్టిలో మూడోదే కీలకం. నిర్ణయం చేతిలోకి వచ్చినవారే దాని లెక్క కూడా చెప్పాలి. లెక్క చెప్పే బాధ్యత లేని కౌన్సిల్ ఎంతకాలం నడిచినా కబుర్ల కూటమిగానే మిగులుతుంది.

ఈ ఆలోచన నిన్న మొన్నటిది కాదు. 1980ల మొదట్లో అమెరికాలో నర్సుల కొరత తీవ్రంగా ఉన్నప్పుడు కూడా కొన్ని ఆసుపత్రులు నర్సులను ఆకర్షించి నిలుపుకోగలిగాయి. అమెరికన్ అకాడమీ ఆఫ్ నర్సింగ్ 163 ఆసుపత్రులను పరిశీలించి వాటిలో 41ని ఇలా అయస్కాంతంలా పనిచేస్తున్నవిగా గుర్తించి, 1983లో ఫలితాలు ప్రకటించింది. మంచి నాయకత్వం, పనిలో స్వేచ్ఛ, నిర్ణయాల్లో నర్సుల పాత్ర ఆ ఆసుపత్రుల్లో ఉమ్మడిగా కనిపించిన లక్షణాలు. నర్సింగ్ పని మేలుగా ఉన్న ఆసుపత్రులకు ఇచ్చే, ఇప్పుడు ప్రపంచవ్యాప్తంగా తెలిసిన మాగ్నెట్ (అయస్కాంతం) గుర్తింపుకు మూలం అదే. తొలి గుర్తింపు 1994లో సియాటిల్‌లోని యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్ మెడికల్ సెంటర్‌కు దక్కింది. అదే దశకాల్లో నర్సింగ్ నిర్వహణ నిపుణుడు టిమ్ పోర్టర్-ఓగ్రేడీ వంటివారు కౌన్సిళ్ల నిర్మాణానికి రూపం ఇచ్చారు. తర్వాత నర్సింగ్ పరిశోధకుడు రాబర్ట్ హెస్ దీన్ని కొలవడానికి 86 ప్రశ్నల సూచిక తయారుచేశారు. ఒక్కో ప్రశ్నకు 1 నుంచి 5 మార్కులు. అంతా యాజమాన్యమే నిర్ణయిస్తే 86, అంతా నర్సులే నిర్ణయిస్తే 430. ఉమ్మడి నిర్వహణ అనిపించుకునేది 173 నుంచి 344 మధ్య. అంటే యాజమాన్యాన్ని పక్కకు నెట్టేయడం ఇక్కడ ఎవరి లక్ష్యమూ కాదు. ఈ ఒక్క సంగతి ముందే వివరిస్తే చాలామంది అధికారుల భయం తీరుతుంది.

ఫలితాల మాటకొస్తే, అమెరికాలోని 4 రాష్ట్రాల్లో 425 ఆసుపత్రుల నర్సుల సమాధానాలతో 2016లో వెలువడిన ఒక పరిశోధన ఉంది. నర్సులకు నిర్ణయాల్లో ఎక్కువ చోటున్న ఆసుపత్రుల్లో రోగుల సంతృప్తి ఎక్కువగా, పనిమీద విసుగు, ఉద్యోగం మానేయాలన్న ఆలోచన తక్కువగా కనిపించాయి. అది ఒకే సమయంలో తీసిన చిత్రం కాబట్టి కౌన్సిల్ పెట్టడం వల్లే ఇవన్నీ జరిగాయని దాన్నిబట్టి చెప్పలేం. మంచి ఆసుపత్రులే కౌన్సిళ్లు పెట్టి ఉండవచ్చు. అయినా ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2023 నాటికి ప్రపంచంలో 2 కోట్ల 98 లక్షల మంది నర్సులున్నారు, ఇంకా 58 లక్షల మంది కావాలి. ఇంత కొరత ఉన్నప్పుడు, పనిచేస్తున్న నర్సులు వెళ్లిపోకుండా చూడటం ఎంత ముఖ్యమో విడిగా చెప్పనక్కర్లేదు.

ఇక అసలు పని. కౌన్సిల్ పెట్టాలనుకునే ఆసుపత్రి ముందుగా నియమావళి రాసుకోవాలి. రెండు మూడు పేజీలు చాలు. అందులో తప్పనిసరిగా ఉండాల్సింది నిర్ణయాల విభజన. మొదటి రకం, కౌన్సిల్ సొంతంగా తీసుకునేవి: డ్యూటీ మార్పు సమయంలో అప్పగింత పద్ధతి, వార్డులో సామగ్రి అమరిక, కొత్త నర్సుల పరిచయ శిక్షణ క్రమం, రోగికి, కుటుంబానికి ఇచ్చే సూచనల పత్రం వంటివి. రెండో రకం, కౌన్సిల్ సిఫారసు చేస్తే ఇతరుల ఆమోదంతో అమలయ్యేవి: డాక్టర్ల ఆదేశాలతో, ఫార్మసీతో, ఖర్చుతో ముడిపడినవి. మూడో రకం, కౌన్సిల్‌కు తెలియజేస్తే చాలనేవి: చట్టం, జీతభత్యాలు, వ్యక్తులపై క్రమశిక్షణ. ఈ గీతలు ముందే గీయకపోతే ఏమవుతుందో చాలాచోట్ల చూడవచ్చు. మూడు నెలలు కష్టపడి కౌన్సిల్ ఒక పద్ధతి తయారుచేస్తుంది, చివర్లో పైనుంచి ‘ఇది మీ పరిధిలోది కాదు’ అని జవాబొస్తుంది. ఆ తర్వాత ఆ వార్డులో ఇంకో విషయం ఎత్తే నర్సు దొరకదు. అందుకే రెండో రకం సిఫారసుకు 14 రోజుల్లోగా రాతపూర్వకంగా జవాబివ్వాలనీ, కాదంటే కారణం రాయాలనీ నియమావళిలోనే పెట్టాలి. గడువులోగా జవాబు రాకపోతే విషయం నేరుగా నర్సింగ్ సూపరింటెండెంట్ దగ్గరకు వెళ్లాలి.

సభ్యుల సంగతి. 30 మంది నర్సులున్న వార్డుకు 7 లేదా 8 మంది సరిపోతారు. 10 దాటితే సగం మంది మాట్లాడరు, 5 లోపైతే ఇద్దరు సెలవు పెట్టిన రోజున సమావేశం జరగదు. ప్రతి షిఫ్టు నుంచీ కనీసం ఇద్దరుండాలి. రాత్రి డ్యూటీవారు లేని కౌన్సిల్ పగటి వార్డుకే నియమాలు రాస్తుంది, అవి రాత్రి 2 గంటలకు ఇద్దరు నర్సులతో నడిచే వార్డులో పనిచేయవు. రెండేళ్లలోపు అనుభవమున్నవారు ఒకరైనా ఉండాలి, ఎందుకంటే పాతవారి కళ్లకు అలవాటైపోయిన లోపం కొత్తవారికి వెంటనే కనబడుతుంది. ఎన్నిక రహస్య ఓటుతో జరగాలి. ఇన్‌ఛార్జి నామినేట్ చేస్తే ఆమె మాట కాదనలేనివారే వస్తారు. పదవీకాలం రెండేళ్లు, ఏటా సగం మంది మారాలి. అధ్యక్షురాలితోపాటు వచ్చే ఏడాది అధ్యక్షురాలు కాబోయేవారినీ ముందే ఎన్నుకుంటే ఆమె ఏడాదిపాటు పక్కనుండి నేర్చుకుంటుంది. వార్డు ఇన్‌ఛార్జి సమావేశంలో ఉంటుంది, సమాచారం ఇస్తుంది, అధ్యక్షత వహించదు, ఓటు వేయదు.

సభ్యులు కాని 22 మందిని మరచిపోవడం తరచూ జరిగే పొరపాటు. ఒక్కో సభ్యురాలికి ముగ్గురు లేదా నలుగురు సహచరులను పేర్లతో సహా అప్పగించాలి. సమావేశానికి ముందు వారి అభిప్రాయం తీసుకోవడం, తర్వాత నిర్ణయం చెప్పడం ఆమె పని. నోటీసు బోర్డు మీద కాగితం అంటిస్తే అందరికీ తెలిసినట్టేనని అనుకోవద్దు. ‘మాకెవరూ చెప్పలేదు’ అనే మాట అమలు దశలో వినిపించిందంటే లోపం ఇక్కడే ఉందని అర్థం.

అన్నిటికంటే ఎక్కువ కౌన్సిళ్లు సమయం దగ్గర దెబ్బతింటాయి. డ్యూటీ అయ్యాక ఓ గంట ఉండి సమావేశం పెట్టుకోమంటే మొదటి నెల 8 మంది వస్తారు, మూడో నెల నలుగురు, ఆరో నెల అధ్యక్షురాలొక్కతే. లెక్క వేసి చూడండి. 8 మంది సభ్యులకు నెలకు 2 గంటలు, అంటే 16 గంటలు. సమాచారం సేకరించడానికి, మినిట్స్ (సమావేశ నిర్ణయాల పత్రం) రాయడానికి అధ్యక్షురాలికి మరో 4 గంటలు. మొత్తం 20. ఒక్కో నర్సు నెలకు 24 రోజులు, రోజుకు 8 గంటల చొప్పున పనిచేస్తుందనుకుంటే 30 మందికి 5,760 గంటలు. అందులో 20 గంటలంటే నూటికి అర గంట కూడా కాదు. ఈ గంటలు జీతంతో కూడిన పనివేళలుగా డ్యూటీ చార్టులో ముందే పడాలి, ఆ సమయానికి బదులు మనిషిని వేయాలి. బదులు లేకుండా ‘వీలైతే రండి’ అంటే, వార్డులో రోగులున్నంతకాలం వీలుకాదు. సమావేశ వేళలు కూడా మారుతూ ఉండాలి. రాత్రంతా పనిచేసినవారిని ఉదయం పది గంటల దాకా ఆపడం అన్యాయం. వారికి సాయంత్రం డ్యూటీ మొదలయ్యే ముందు గంట అనుకూలం, లేదంటే వారి షిఫ్టు రోజున ఫోను ద్వారా పాల్గొనే ఏర్పాటు చేయాలి.

సమావేశం గంటన్నర మించనక్కర్లేదు. ఎజెండా వారం ముందే అందాలి. మొదటి పది నిమిషాలు పోయిన నెల ఒప్పుకున్న పనుల లెక్క, తర్వాత పది నిమిషాలు వార్డు అంకెలు, ఓ పావుగంట ఒక పరిశోధన వ్యాసం మీద మాట, మిగిలిన సమయంలో ఎక్కువ భాగం ఒకే విషయానికి. ఎజెండాలో తొమ్మిది అంశాలుంటే ఏదీ తేలదు. సగానికి ఒకరు ఎక్కువైనా హాజరు కాకపోతే నిర్ణయం చేయకూడదు. మినిట్స్ ఒక్క పేజీ, మూడు రోజుల్లో బయటకు రావాలి. దాంట్లో ఏం నిర్ణయించారు, ఎవరు చేస్తారు, ఏ తేదీలోగా అన్నవి మాత్రమే ఉండాలి. ఎవరేమన్నారో రాస్తే వచ్చే నెల ఎవరూ నోరు విప్పరు.

మొదటి విషయం ఎంపికలో చాలా కౌన్సిళ్లు రెండు తప్పుల్లో ఒకటి చేస్తాయి. ఒకటి, పుట్టినరోజు వేడుకలు, గోడల అలంకరణ దగ్గర ఆగిపోవడం. ఇది సురక్షితం, ఎవరికీ అభ్యంతరముండదు, రోగికి ఒరిగేదీ ఏమీ ఉండదు. రెండోది, నర్సుల కొరత తీర్చడం వంటి తమ చేతిలో లేనిదాన్ని మొదటే తలకెత్తుకోవడం. రోగిని నేరుగా తాకేదీ, వార్డు స్థాయిలో తేలేదీ, మూడు నెలల్లో మార్పు కనబడేదీ అయిన విషయం కావాలి.

ఉదాహరణకు రోగులు జారిపడటం తీసుకుందాం. ‘పడిపోవడాలు తగ్గించాలి’ అనేది పని మొదలుపెట్టడానికి పనికొచ్చే వాక్యం కాదు. గత 12 నెలల ప్రమాద నివేదికలు ముందు పెట్టుకుని ఏ వేళ, ఏ చోట, ఏం చేస్తుండగా, ఏ మందుల మీద ఉండగా, పిలిచే గంట చేతికందిందా లేదా అని గళ్లు గీసి నింపాలి. చాలా వార్డుల్లో ఒక గుంపు బయటపడుతుంది: రాత్రివేళ, మరుగుదొడ్డికి లేచినప్పుడు, నిద్రమాత్ర లేదా మూత్రం ఎక్కువ చేసే మందు వేసుకున్నవారు. అప్పుడు విషయం ‘రాత్రి 10 నుంచి ఉదయం 6 లోపు మరుగుదొడ్డికి వెళ్తూ పడిపోవడం’గా కుదించుకుంటుంది, పరిష్కారాలు వాటంతటవే కనిపిస్తాయి. మూత్రం ఎక్కువ చేసే మందు రెండో మోతాదు సాయంత్రం బదులు మధ్యాహ్నం ఇవ్వవచ్చా అని డాక్టర్లతో, ఫార్మసీతో మాట్లాడటం. రాత్రి 10కి, తెల్లవారుజామున 4 తర్వాత ఒకసారి నర్సే వెళ్లి ‘లేవాలా’ అని అడగడం. మంచం అన్నిటికన్నా కిందికి దించి ఉంచడం, దారిలో చిన్న దీపం, గంట తీగ దిండుకు కట్టడం.

ఇవన్నీ ఒకేసారి వార్డంతా పెట్టకూడదు. ఒక రాత్రి, ఒక నర్సు, ఐదుగురు రోగులు. ఏది కుదిరింది, ఏది కుదరలేదు అని చూసి సరిచేసి, తర్వాత వారం రోజులు, ఆపైన వార్డంతా. మూడు రకాల కొలతలు కావాలి. పని జరుగుతోందా అనడానికి: ఆ రాత్రి అడగాల్సినవారిలో ఎంతమందిని అడిగారు. ఫలితం వస్తోందా అనడానికి: ఒక పడిపోవడానికీ మరోదానికీ మధ్య ఎన్ని రోజులు. వేరేచోట నష్టం జరుగుతోందా అనడానికి: రోగుల నిద్ర చెడుతోందా, రాత్రి మందులు ఆలస్యమవుతున్నాయా. ఈ మూడో కొలత దాదాపు ఎవరూ పెట్టరు, కొత్త పద్ధతి మీద రోగుల ఫిర్యాదులు వచ్చాక గుర్తొస్తుంది. ఇంకో జాగ్రత్త: గంటగంటకూ సంతకం పెట్టే ఫారం తెస్తే డ్యూటీ చివర్లో కూర్చుని అన్ని గళ్లూ ఒకేసారి నింపేస్తారు. తప్పు నర్సులది కాదు, ఫారం అలాంటిది. వారానికి ఐదుగురు రోగుల దగ్గరకు కౌన్సిల్ సభ్యురాలు వెళ్లి ‘రాత్రి ఎవరైనా వచ్చి అడిగారా’ అని తెలుసుకుంటే నిజం బయటపడుతుంది.

అంకెలు చదవడం రాకపోతే మంచి పని కూడా ఓడిపోయినట్టు కనిపిస్తుంది. 20 పడకల వార్డు, నూటికి 85 పడకలు నిండి ఉంటే నెలకు 510 రోగి-దినాలు (ఒక రోగి ఒక రోజు వార్డులో ఉంటే ఒక రోగి-దినం). రెండు పడిపోవడాలు జరిగితే వెయ్యి రోగి-దినాలకు 3.9. ఇంకొక్కరు పడితే అది 5.9కి ఎగబాకుతుంది. ఒక్క ఘటనతో రేటు రెండు పాయింట్లు కదిలే చోట ఈ నెలను పోయిన నెలతో పోల్చి అభినందించడమో మందలించడమో అర్థంలేని పని. నెలనెలా అంకెలను గ్రాఫు మీద చుక్కలుగా పెట్టి, సగం చుక్కలు పైన, సగం కింద ఉండేలా మధ్యగీత గీయాలి, గీతకు ఒకే వైపున వరుసగా ఆరు చుక్కలు వస్తే అప్పుడు మార్పు వచ్చిందనుకోవచ్చు. పైగా కౌన్సిల్ మొదలైన కొత్తలో నమోదయ్యే ప్రమాదాల సంఖ్య పెరగడం సహజం. నిందిస్తారన్న భయం తగ్గి, ఇంతకుముందు దాచినవి కూడా రాస్తారు. ఆ పెరుగుదలను చూసి యాజమాన్యం కంగారుపడి ఎవరినైనా శిక్షిస్తే నివేదికలు మళ్లీ ఆగిపోతాయి, అంకెలు బాగుపడతాయి, రోగులు పడుతూనే ఉంటారు.

డాక్టర్లతో కలిసి చేయాల్సిన పనికి మూత్రపు గొట్టం, అదే క్యాథెటర్, మంచి ఉదాహరణ. లోపల ఉన్న ప్రతి రోజుకూ మూత్రంలో బ్యాక్టీరియా చేరే అవకాశం నూటికి 3 నుంచి 7 చొప్పున పెరుగుతుంది. అయినా అవసరం తీరాక కూడా ‘ఎవరూ తీయమనలేదు’ అన్న కారణంతో రోజుల తరబడి ఉండిపోతుంది. కౌన్సిల్ ఇక్కడ చేయగలిగింది, ఉంచడానికి సరైన కారణాల జాబితాను డాక్టర్లతో కలిసి రాయడం: మూత్రం అడ్డుపడటం, విషమ స్థితిలో గంటగంటకూ మూత్రం కొలవాల్సి రావడం, కొన్ని ఆపరేషన్లు, మూత్రం ఆపుకోలేని రోగికి నడుము కింది భాగంలో మానని పుండు, చివరి దశలో ఉపశమనం. రోజూ ఉదయం ఈ జాబితాతో సరిచూసి ఏదీ వర్తించకపోతే, మళ్లీ ఆదేశం కోసం ఎదురుచూడకుండా నర్సే తీసేయవచ్చన్నది ఒప్పందం. తీశాక 4 నుంచి 6 గంటల్లో మూత్రం రాకపోతే ఏం చేయాలో, అంటే స్కాన్‌తో మూత్రాశయం చూడటం, ఎంత నిల్వ ఉంటే డాక్టరును పిలవడం, అన్నీ అదే కాగితం మీద ఉండాలి. ఈ చివరి భాగం రాయకుండా మొదలుపెట్టిన చోట, తీసిన గొట్టం అదే రాత్రి మళ్లీ వేయాల్సి వస్తుంది, పథకానికి చెడ్డపేరు వస్తుంది.

ఇక్కడా అంకె మోసం చేస్తుంది. ఒక వార్డులో నెలకు 400 క్యాథెటర్-దినాలు, 2 ఇన్ఫెక్షన్లు ఉంటే వెయ్యికి 5. పద్ధతి అమలయ్యాక 150 దినాలు, 1 ఇన్ఫెక్షన్ అయితే వెయ్యికి 6.7. ఇన్ఫెక్షన్లు సగమయ్యాయి, రేటు పెరిగింది! గొట్టం అవసరం లేనివారందరికీ తీసేయడంతో లెక్కలో మిగిలింది బాగా జబ్బుగా ఉన్నవారే. అందుకని రేటు ఒక్కటే చూడకుండా మొత్తం దినాలు, మొత్తం ఇన్ఫెక్షన్లు పక్కపక్కనే పెట్టి చూడాలి.

మందులిచ్చే వేళ అంతరాయాలు కూడా కౌన్సిళ్లు పట్టించుకోదగ్గ విషయం. ఆస్ట్రేలియాలో 98 మంది నర్సులు 4,271 మందులు ఇవ్వడాన్ని పక్కనుండి గమనించి 2010లో ప్రచురించిన పరిశీలనలో సగానికి పైగా సందర్భాల్లో పని మధ్యలో ఎవరో ఒకరు కదిలించారు. ఒక్కో అంతరాయానికి పొరపాట్లు నూటికి 12కు పైగా పెరిగాయి. ‘కదిలించవద్దు’ అని రాసిన ఆప్రాన్ వేసుకోవడం దగ్గర ఆగిపోకుండా ఎవరు, ఎందుకు కదిలిస్తున్నారో వారం రోజులు లెక్కపెడితే సగం కారణాలు మందుల వేళకు బయటే తేలతాయి: ఫోను ఎత్తేవారు లేకపోవడం, స్టోరు తాళం ఒక్కరి దగ్గరే ఉండటం, రౌండ్స్ వేళ మందుల వేళతో కలిసిపోవడం.

వృత్తిలో ఎదుగుదల గురించి విడిగా చెప్పాలి. నర్సింగ్ విద్యావేత్త పెట్రిషియా బెన్నర్ 1984లో వివరించినట్టు నర్సు కొత్తగా చేరిన దశ నుంచి నిపుణురాలి దశ దాకా ఐదు మెట్లు ఎక్కుతుంది, ఆ ఎక్కడం అనుభవంతోనే సాధ్యం. కానీ ఒకే పనిని పదేళ్లు చేస్తే అనుభవం ఒక్క ఏడాదిదే. కౌన్సిల్‌లో కూర్చున్న నర్సు వ్యాసం చదివి పది నిమిషాల్లో సహచరులకు అర్థమయ్యేలా చెప్పడం, అంకెలను గ్రాఫుగా మార్చడం, డాక్టర్ల ఎదుట ప్రతిపాదన నిలబెట్టడం, భిన్నాభిప్రాయాల మధ్య సమావేశం నడపడం నేర్చుకుంటుంది. ఇవి తరగతి గదిలో నేర్పడం కష్టం. అధ్యక్షత వహించినవారు తర్వాత ఇన్‌ఛార్జి బాధ్యతకు తయారుగా ఉంటారు. ఆ పనిని పదోన్నతి పరిగణనలో రాతపూర్వకంగా లెక్కించాలి. అయితే సభ్యత్వానికే మార్కులిస్తే పేరు రాయించుకుని రానివారు మిగులుతారు. మార్కులు పూర్తిచేసిన పనికి ఇవ్వాలి.

విద్యా కౌన్సిల్ చేతికి వార్షిక శిక్షణ అప్పగిస్తే ఇంకో లాభముంది. సాధారణంగా రోజూ చేసే బీపీ కొలవడం వంటి పనుల మీద ఏటా పరీక్ష పెడతారు, ఏడాదికి రెండుసార్లే ఎదురై ప్రాణం మీదికి తెచ్చేవాటిని, ఉదాహరణకు రక్తం ఎక్కిస్తుండగా వచ్చే తీవ్ర ప్రతిచర్యను, వదిలేస్తారు. ఏది తరచూ మరచిపోతున్నామో, ఏ యంత్రం ముందు చేయి తడబడుతుందో వార్డు నర్సులకే తెలుసు. శిక్షణ జాబితా వారు రాస్తే గంటలు అంతే ఉంటాయి, విషయాలు మారతాయి.

ఇన్‌ఛార్జులను కౌన్సిల్‌కు అడ్డుగా చూసేవారున్నారు. అది సరికాదు. నిన్నటిదాకా అన్నీ నువ్వే నిర్ణయించు, తప్పు జరిగితే నువ్వే జవాబు చెప్పు అన్న వ్యవస్థే ఆమెను ఇవాళ పక్కకు జరగమంటోంది, కొత్త పాత్ర ఏమిటో చెప్పకుండా. అందుకే మొదటి శిక్షణ సభ్యులకన్నా ముందు ఇన్‌ఛార్జులకు ఇవ్వాలని మేం గట్టిగా చెబుతాం. చర్చ మొదలయ్యే ముందే ఖర్చు ఎంత వరకు, ఏ చట్టం దాటకూడదు అని హద్దులు చెప్పడం, అడిగిన అంకెలు తెప్పించడం, ఫార్మసీ, స్టోరు, పారిశుద్ధ్య విభాగాల్లో తలుపులు తీయించడం, నిర్ణయం అమలుకు డ్యూటీ చార్టు సర్దడం ఆమె పనులు. చర్చ అయ్యాక హద్దులు బయటపెట్టడం మాత్రం చేయకూడదు.

కౌన్సిల్‌కు మించిన పనులూ ఉన్నాయి. అది ఉద్యోగ సంఘానికి బదులు కాదు, జీతాలు, వ్యక్తిగత ఫిర్యాదులు అక్కడ తేలవు. నర్సుల కొరతకు మందూ కాదు. పెన్సిల్వేనియాలోని 168 ఆసుపత్రుల మీద నర్సింగ్ పరిశోధకురాలు లిండా ఐకెన్ బృందం 2002లో ప్రచురించిన అధ్యయనంలో, ఆపరేషన్ అయిన రోగుల విషయంలో ఒక్కో నర్సుకు ఒక్క రోగి అదనంగా పెరిగితే 30 రోజుల్లోపు మరణించే అవకాశం నూటికి 7 పెరిగినట్టు తేలింది. అలాంటి చోట మనుషులను నియమించకుండా కౌన్సిల్ పెట్టడమంటే కొరత బాధ్యతను కూడా నర్సుల నెత్తినే వేయడం. కౌన్సిల్ చేయగలిగిందల్లా ఏ షిఫ్టులో ఎంతమంది లేకపోవడం వల్ల ఏ పని ఆగిందో తేదీలతో సహా రాసి పైకి పంపడం. ఆ కాగితానికి మాత్రం విలువుంటుంది.

మొదలుపెట్టేవారు ఆసుపత్రి అంతటా ఒకేరోజు ప్రారంభోత్సవం చేయవద్దని మా మనవి. ఇన్‌ఛార్జి మనస్ఫూర్తిగా ఒప్పుకున్న రెండు మూడు వార్డులతో మొదలుపెట్టండి. రెండు నెలలు నియమావళికి, ఇన్‌ఛార్జుల శిక్షణకు, ఒక నెల ఎన్నికకు, ఆ తర్వాత మూడు నుంచి ఆరు నెలలు ఒకే విషయానికి. సమన్వయ కౌన్సిల్ అవసరం, ఒక వార్డు నిర్ణయం ఇంకో వార్డుకు అడ్డుపడ్డప్పుడు, ఉదాహరణకు అత్యవసర విభాగం నుంచి వార్డుకు రోగిని పంపే వేళల మీద పేచీ వచ్చినప్పుడు, దానంతటదే తెలుస్తుంది. నర్సుల అభిప్రాయ సర్వే మొదలుపెట్టే ముందొకసారి, 12 నెలలకొకసారి చేయాలి. ముందు చేయకపోతే పోల్చడానికి ఏమీ మిగలదు.

ఆసుపత్రుల మీద వార్తలు రాసే మీ విలేకరులకు ఒక సూచన. ఏదైనా ఆసుపత్రి తమ దగ్గర నర్సుల కౌన్సిల్ ఉందని చెబితే మూడు కాగితాలు అడగండి: నిర్ణయాల విభజన రాసిన నియమావళి, గత ఆరు నెలల మినిట్స్, సభ్యుల సమావేశ గంటలు పనివేళలుగా చూపిన డ్యూటీ చార్టు. తర్వాత ఆ వార్డులో కౌన్సిల్ సభ్యురాలు కాని ఒక నర్సును, వీలైతే రాత్రి డ్యూటీలో ఉన్నవారిని, కౌన్సిల్ ఇటీవల మార్చిన విషయం ఒకటి చెప్పమనండి.

ఇట్లు
నర్సింగ్ నిర్వహణ, బోధన రంగాల్లో పనిచేస్తున్న కొందరం